ట్యాంకు కింది పగులు

పోర్ట్ బ్లెయిర్ దగ్గర బ్రూక్షాబాద్‌లో ఉండే లక్ష్మీకుమారికి నలభై నాలుగేళ్లు. ఏం పని చేస్తావని అడిగితే ఇంజిన్ పని అంటుంది. చేపల పడవల ఇంజిన్లు, నీళ్ల పంపులు, జనరేటర్లు బాగుచేస్తుంది. బోర్డు పెట్టిన దుకాణమేమీ లేదు. ఇంటి పక్కన రేకుల పంచ, అందులో ఒక చెక్కబల్ల, గోడకు వేలాడే పనిముట్లు, అంతే. తండ్రి అప్పలరాముడు సోంపేట వైపు నుంచి వయసులో ఉండగా ఓడెక్కి వచ్చి, పడవల మీద ఇంజిన్ చూసుకునేవాడు. మగపిల్లలు లేకపోవడంతో స్పానర్ పట్టడం కూతురికే నేర్పాడు. “నడిసముద్రంలో ఇంజినాగిపోతే దిగి తోసుకోలేం గదమ్మా. ఒడ్డునున్నప్పుడే అన్నీ సూసుకోవాల” అనేవాడు.

పాత మోటార్‌సైకిళ్లు చూసిపెట్టడం ఆమె కోరి ఎత్తుకున్న పని కాదు. ఈ దీవుల్లో ఏ బండైనా ఉప్పుగాలికి నానుతూనే ఉంటుంది. పైన మెరుగు పెట్టి, లోపల తుప్పు కప్పి అమ్మేవాళ్లు ఉంటారు. ఒకరిద్దరు తెలిసినవాళ్లు తోడు రమ్మంటే వెళ్లింది. తర్వాత చుట్టుపక్కల ఎవరు పాత బండి కొనబోయినా “ముందు లక్ష్మీ దీదీకి చూపించు” అనడం అలవాటైపోయింది.

కిందటేడు వానాకాలంలో గణపతి అనే చేపల వ్యాపారి ఆమెను అలాగే తీసుకెళ్లాడు. ఆ రోజు కుండపోత వాన. గొడుగు కింద నిలబడి పది నిమిషాల్లో ఇంజిన్ చూసి, చప్పుడు బాగుంది, తీసుకోమంది. నాలుగు నెలలకు పల్లంలో దిగుతుండగా ఆ బండి చాసీ రెండుగా విరిగింది. గణపతి భుజం ఎముక విరిగి, ముందుపళ్లు మూడు ఊడిపోయాయి. ఆసుపత్రిలో చూడ్డానికి వెళితే అతను ఆమెను ఒక్క మాట అనలేదు. “నా ఖర్మ దీదీ” అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేదని ఆమె చాలా రోజులు అనుకుంది. అప్పటినుంచి బండి చూడబోతే సంచిలో టార్చిలైటు ఉండాల్సిందే.

ఈ ఏడాది ఫిబ్రవరిలో, ఒక ఆదివారం, కళ వచ్చి పిలిచింది. కళది తుష్నాబాద్. పోర్ట్ బ్లెయిర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. పొద్దున ఆరింటి డ్యూటీకి బస్సు అందదు. ఎవరి బండి వెనకో కూర్చుని రావాలి, వాళ్లు రాకపోతే చీవాట్లు తినాలి. అన్న బండి మీద గేర్లు నేర్చుకుని, లైసెన్సు తీసుకుని, మూడు నెలలుగా బండి వెతుకుతోంది.

“హాడో క్వార్టర్స్‌లో ఉందక్కా. నాలుగేళ్ల బండి. ఆయన ఈరోజు సాయంత్రం షిప్‌కి వైజాగ్ ఎళ్లిపోతన్నాడంట. మధ్యాహ్నం లోపు తేల్చేయాల. ఇంకో పార్టీ కూడా వస్తందంట.”

“తొందరగా అమ్మేసే బండిని తొందరగా కొనకూడదు” అంది లక్ష్మీకుమారి. అయినా సంచి తీసుకుని బయల్దేరింది.

వాళ్లు చేరేసరికి తొమ్మిదిన్నర. క్వార్టర్స్ ముందు సిమెంటు నేల మీద బండి కడిగి పెట్టి ఉంది. నల్లరంగు, ట్యాంకు మీద ఎర్ర చారలు. పక్కనే అమ్మే మనిషి మణికుమార్, ముప్పై అయిదేళ్లవాడు, విశాఖలో కొత్త ఉద్యోగం వచ్చి ఇల్లు ఖాళీ చేస్తున్నాడు. వరండా నిండా తాళ్లు కట్టిన అట్టపెట్టెలు. మెట్ల మీద అతని భార్య సరోజిని పిల్లకు అన్నం పెడుతోంది. బండికి ఆనుకుని బేరగాడు చంద్రమౌళి. పోర్ట్ బ్లెయిర్‌లో పాత బండ్ల బేరాలు సగం అతని చేతుల మీదే నడుస్తాయి.

లక్ష్మీకుమారి ఎవరినీ పలకరించకుండానే ఇంజిన్ దగ్గర అరచెయ్యి పెట్టింది. సెగ తగిలింది.

“పొద్దున్నే ఎవరు స్టార్ట్ చేశారు?”

“నేనే దీదీ. తాళ్లు కొనడానికి బజారుకెళ్లొచ్చాను” అన్నాడు మణికుమార్.

వేడిగా ఉన్న ఇంజిన్ ఎలాంటిదైనా ఒక్క తన్నుకే అందుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడే దాని జబ్బు బయటపడుతుంది. అమ్మేవాళ్లు ముందే వేడి చేసి పెట్టడం పాత ఎత్తు.

“చల్లారేదాకా ఆగుదాం.”

“అరే దీదీ, టైమ్ నహీ హై” అన్నాడు చంద్రమౌళి. “పన్నెండింటికి ఈయన సామాను జెట్టీలో ఉండాల. పదకొండున్నరకి నా ఇంకో పార్టీ వచ్చేస్తాడు.”

“అయితే రెండు గంటలుంది గదా” అంటూ ఆమె నేల మీద గోనెసంచి పరుచుకుని కూర్చుంది.

అది చల్లారే గంటసేపూ ఊరికే ఉండలేదు. గొలుసును వెనక్కి లాగి పళ్లచక్రం అరుగుదల చూసింది. ముందు ఫోర్కుల మీద వేలితో రాసి నూనె కారుతోందేమో చూసింది. ట్యాంకు మూత తీసి టార్చి వేసింది. ఇంజిన్ ఆయిల్ పుల్ల తీసి, నీళ్లు కలిసి పాలరంగు తిరిగిందేమోనని గుడ్డ మీద తుడిచి చూసింది. కాగితాల మీదున్న నంబర్లను బండి మీది నంబర్లతో ఒక్కొక్కటే చదివి పోల్చింది. ఎక్కడా తప్పు దొరకలేదు. చివరికి చల్లారిన ఇంజిన్ మొదటి తన్నుకే అందుకుంది. పొగ లేదు. లోపల టకటక లేదు.

చంద్రమౌళి నవ్వాడు. “ఏటి దీదీ, పెళ్లికూతురు పాసైందా?”

కళ మొహం వెలిగిపోయింది. చేతిసంచిలోకి చెయ్యి పోతోంది.

“ఒక్కసారి నడిపి వస్తాను” అంది లక్ష్మీకుమారి.

హాడో వీధుల్లో ఎక్కడం, దిగడం తప్ప సమంగా ఉండే రోడ్డు తక్కువ. ఎక్కేటప్పుడు బండి హాయిగా లాగింది. దిగేటప్పుడు వేగం కొంచెం పెంచి, ముందు బ్రేకు వేసింది. ‘టిక్’ మంది. మోకాళ్ల మధ్య, ట్యాంకు కింద ఎక్కడో. హ్యాండిల్ వెంట్రుకవాసి ఎడమకు గుంజింది. మళ్లీ వేసింది. మళ్లీ టిక్. ఎదురుగా లారీ వస్తోంది. బండిని పక్కకు తీసి ఆపి, కాళ్లు రెండూ నేలకు ఆనించింది. గణపతి కట్టుకట్టిన మొహం కళ్ల ముందు మెదిలింది. తిరిగి వచ్చేటప్పుడు మొదటి గేరులోనే వచ్చింది.

“సీటు, ట్యాంకు విప్పాలి” అంది దిగుతూనే.

మణికుమార్ ముఖం ఎర్రబడింది. “దీదీ, రెండేళ్లుగా నడుపుతున్నాను. ఒక్కరోజు కూడా దారిలో ఆగలేదు. మీకు కొనాలనుంటే కొనండి, లేకపోతే లేదు. ఇక్కడ ఓడ టైమవుతుంటే విప్పుతానంటారేంటి?”

“బ్రేకేస్తే చప్పుడొస్తోంది తమ్ముడూ. అదెక్కడిదో తెలియాలి.”

“పాత బండి గదా, చప్పుడు రాదేటి?” అన్నాడు చంద్రమౌళి. “గణపతి సంగతయ్యాక ఈవిడకి ప్రతి బండిలోనూ దెయ్యమే కనబడతంది.”

ఆ మాట ఆమెకు తగలాల్సిన చోటే తగిలింది. కళ కూడా దగ్గరకొచ్చి చిన్నగా అంది. “అక్కా, ఇంజిన్ బాగుంది గదా. ఇది పోతే మళ్లీ ఎప్పటికి దొరుకుతుందో.”

లక్ష్మీకుమారికీ అనుమానమొచ్చింది. నిజంగానే తాను భయపడిపోతోందేమో. అంతా విప్పి చూసి ఏమీ లేకపోతే నలుగురిలో నవ్వులపాలవుతుంది. అయినా చేయి స్పానర్ మీద నుంచి తీయలేదు.

“పదిహేను నిమిషాలు. నేనే విప్పి నేనే బిగిస్తాను. ఏమీ లేకపోతే నీకు క్షమాపణ చెప్పుకుంటాను.”

మణికుమార్ విసురుగా చెయ్యి ఊపాడు. “విప్పుకోండి. కానీయండి.”

సీటు వచ్చింది. పెట్రోలు గొట్టం తప్పించి, బోల్టు తీసి, ట్యాంకును పైకెత్తి కళ చేతుల్లో పెట్టింది. టార్చి వేసింది. హ్యాండిల్ వచ్చి చాసీలో కలిసే చోట, ఎవరి కంటా పడని చోట, జానెడు మేర తర్వాతెప్పుడో పూసిన నల్లరంగు మెరిసింది. మిగతా చాసీ అంతా పాతబడి వెలిసిపోయి ఉంది. ఎవరూ చూడని చోటుకు రంగెందుకు?

స్క్రూడ్రైవర్ మొనతో గీరింది. రంగు కింద ఇనుము లేదు. పెంకులా గట్టిపడ్డ పుట్టీ ఊడి నేల మీద పడింది. దాని వెనక, చాసీ గొట్టం చుట్టూ సగం దాకా, తుప్పు పట్టిన సన్నని గీత.

“తమ్ముడూ, ముందు బ్రేకు గట్టిగా పట్టుకుని బండిని ముందుకు తొయ్యి.”

మణికుమార్ తోశాడు. ఆ గీత నోరులా తెరుచుకుంది. వదిలితే మూసుకుంది. టిక్.

మెట్ల మీది నుంచి సరోజిని దిగివచ్చింది. మణికుమార్ ఇంకోసారి తోశాడు, మళ్లీ వదిలాడు. తనను తానే నమ్మించుకోవాలన్నట్టు మూడోసారి కూడా తోశాడు.

“నాకు తెలీదు దీదీ” అన్నాడు. “పిల్ల మీద ఒట్టు. కొన్నప్పుడే ఇలా ఉందేమో. ఎవరి దగ్గర కొన్నానో...” అంటూ చంద్రమౌళి వైపు చూశాడు.

రెండేళ్ల కిందట ఆ బండిని అతనికి కుదిర్చింది చంద్రమౌళే.

“నేను మధ్యవర్తిని భయ్యా. నాకేం తెలుసు?” అన్నాడు చంద్రమౌళి గబగబా. వెంటనే గొంతు తగ్గించాడు. “టంకీ బిగించెయ్. ఆ పార్టీ వచ్చే టైమైంది. ఈ రెండేళ్లలో విరగనిది ఇంకో రెండేళ్లూ విరగదు. నువ్వు షిప్పెక్కు. బాత్ ఖతం.”

అతను అంటుండగానే గేటు దగ్గర ఆటో ఆగింది. అరవయ్యేళ్ల మనిషి దిగాడు, వెనకే భార్య. తుష్నాబాద్‌లో కూరగాయలు పండించే రమణయ్య. కళ ఆయన్ని గుర్తుపట్టింది. తన బండి వెనక సీటుకు రెండు వైపులా వంకాయల బస్తాలు, పైన భార్య అప్పలకొండమ్మ. వారానికి నాలుగు రోజులు ఆయన బజారుకు వచ్చేది అలాగే. పాత బండి మూలపడ్డాక ఇంకొకటి చూసుకుంటున్నాడు.

కళ ట్యాంకును కింద పెట్టి లక్ష్మీకుమారి చెయ్యి పట్టుకుంది. “అక్కా, మన పనైపోయింది. మనం కొనం. ఎల్దాం రా.”

ఆమె కదల్లేదు. మణికుమార్ వైపే చూస్తూ నిలబడింది. అతను చెబుతాడని ఆగింది. అతను తలెత్తలేదు. వరండాలో అట్టపెట్టెలు, జెట్టీలో ఓడ, విశాఖలో ఇంటికి ఇవ్వాల్సిన అడ్వాన్సు. అతని మనసులో ఏం తిరుగుతున్నాయో ఆమెకు తెలియనివి కావు.

చంద్రమౌళి ఎదురెళ్లాడు. “రండి రండి రమణయ్యగారూ. సర్వీసు కోసం విప్పాం. ఐదు నిమిషాల్లో తయారు. ఇంజిన్ ఏక్ దమ్ ఫస్ట్ క్లాస్.”

వెనక్కి తిరిగి, దాటిపోతూ, లక్ష్మీకుమారికి మాత్రమే వినబడేలా అన్నాడు. “దీదీ, రేపు కూడా ఇక్కడే బతకాలి గదా నువ్వు.”

“బతుకుతాను” అంది ఆమె. నేరుగా రమణయ్య దగ్గరకు వెళ్లి, టార్చిలైటు ఆయన చేతిలో పెట్టింది. “బాబాయ్, నేను చెప్పడం ఎందుకు. మీరే వంగి ఇక్కడ చూడండి.”

రమణయ్య వంగాడు. చాలాసేపు చూశాడు. పక్కనే వంగి చూసిన అప్పలకొండమ్మ “ఓలమ్మా” అని రెండడుగులు వెనక్కి వేసింది.

“చిన్న వెల్డింగుతో పోతుందండీ...” చంద్రమౌళి మొదలుపెట్టాడు.

“నిన్న సాయంత్రం” అంది సరోజిని. గట్టిగా అనలేదు, కానీ అతను ఆగిపోయాడు. “నిన్న సాయంత్రం మా అమ్మకి చెప్పి రావడానికెళ్లి, పిల్లతో ముగ్గురం దీని మీదే ఆ దిగుడు దిగాం.” భర్త వైపు తిరిగింది. “ఏమండీ, మీరేం మాట్లాడరేం?”

మణికుమార్ రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. “బాబాయ్, బండి అమ్మట్లేదు. మిమ్మల్ని ఇంత దూరం తిప్పాను, మన్నించండి.”

చంద్రమౌళి స్కూటర్ ఎక్కి వెళ్లిపోయాడు. వెళుతూ అన్న మాట ఇక్కడ రాయదగ్గది కాదు.

మణికుమార్ లక్ష్మీకుమారి దగ్గరకొచ్చాడు. ఇలాగే వదిలి వెళితే ఎవరో ఒకరు మళ్లీ పుట్టీ పెట్టి అమ్ముతారని భయపడ్డాడు. “దీన్ని కోసేయగలరా దీదీ?” అని అడిగాడు. పక్క క్వార్టర్ నుంచి ఇనుము కోసే హాక్సా తెచ్చారు. తుప్పు తినేసిన వైపు కోత తేలిగ్గానే పడింది, మిగతా సగానికి చెమటలు పట్టాయి. ఇంజిన్, చక్రాలు ఇక్కడే ఉండిపోయే సరోజిని తమ్ముడు తీసుకెళ్లి విడిగా అమ్మేటట్టు, కాగితాలు రద్దుచేయించేటట్టు మాట్లాడుకున్నారు. చాసీ రెండు ముక్కలై నేల మీద పడ్డాక మణికుమార్ పిల్లను ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం వాళ్లు ఓడెక్కారు.

చంద్రమౌళి బెదిరింపు ఉత్తదేం కాదు. లక్ష్మీకుమారి చెయ్యి పెడితే బండి చెడుతుందని, బేరాలు చెడగొట్టడమే ఆవిడ పనని బజారంతా చెప్పాడు. మార్చిలో ఆమె దగ్గరకు రెండు పంపులు, ఒక పడవ ఇంజిన్ తప్ప ఏమీ రాలేదు. ఇంట్లో కూరలు తగ్గాయి. ఆ రోజు కళతో కలిసి ఊరుకుని వచ్చేసి ఉంటే ఏమయ్యేదని ఎవరో అడిగితే, “నిద్ర పట్టేది కాదు” అని మాత్రం అంది.

ఏప్రిల్‌లో రమణయ్య తన నీళ్ల పంపును ఆటోలో వేసుకుని వచ్చాడు. ఆ వారంలోనే తుష్నాబాద్ నుంచి ఇంకో ముగ్గురు వచ్చారు.

కళకు బండి మే నెలలో దొరికింది. అద్దం పగిలి, సీటు చిరిగి, రంగు ఎండకు వెలిసి, చూడ్డానికి ఏమంత బాగోదు. గొలుసు మార్చాలి, ముందు ఫోర్కు సీలు మార్చాలి. లక్ష్మీకుమారి ట్యాంకు విప్పి గంటసేపు చూసింది. అమ్మే మాస్టారు విసుక్కోకుండా టార్చి పట్టుకుని నిలబడ్డాడు.

“తీసుకో” అంది చివరికి. “అందం లేదు గానీ, ఎముక గట్టిది.”