అప్ప చదివించిన గోడలు

మొన్న ఆదివారం ఖరగ్‌పూర్ నుంచి ఫోన్ వచ్చింది. అక్కడి రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా పక్క క్వార్టర్ అప్ప, వీధందరికీ అక్క, పోయిందట. చర్చి నుంచి సమాధుల తోట దాకా తెలుగువాళ్లూ బెంగాలీవాళ్లూ కలిసి నడిచారట. ఫోన్ పెట్టేసి చాలాసేపు ఆవిడ నన్ను తిప్పిన సందులే తలుచుకుంటూ కూర్చున్నాను.

ఎనభైల మొదట్లో పెళ్లై, పలాస వైపు నుంచి ఆ ఊరు వెళ్లాను. మా ఆయన రైల్వే వర్క్‌షాపుకి వెళ్లగానే తలుపేసుకునేదాన్ని. బెంగాలీ ఒక్క ముక్క రాదు. వీధిలోకి వెళ్లాలంటే భయం. ఒక సాయంత్రం అప్ప తలుపు బాదింది.

"ఏటే, గంప కింద కోడిపెట్టలాగ కూకున్నావు? సెప్పులేసుకో. గోడలు సూసొద్దాం."

పూరీ గేట్ దాకా నడిపించింది. ఎన్నికల రోజులు. గోడ గోడకీ బొమ్మలు, పాటలు, వెక్కిరింతలు. ఒకచోట బానపొట్ట నాయకుడు కుర్చీని చంటిబిడ్డలా ఎత్తుకుని జోకొడుతున్నాడు. అప్ప ఒక్కో అక్షరం మీద గొడుగు మొన పెట్టి నాచేత చదివించింది. బడి మొహం చూడని మనిషి. తెలుగు అక్షరాలు చర్చిలో నేర్చుకుంది; బెంగాలీ, హిందీ ఆ గోడల మీదే.

"పుస్తకమైతే మూసీగలరు. గోడనెవడు మూస్తాడే?" అనేది.

అలా నిమ్‌పురా సందులు కూడా తిరిగాం. కుంచె గీతల వాలు చూసి, "ఇది ఎడంసేతి వోడు రాసినాడు" అని చెప్పేసేది. ఆరు నెలలకి నేను బజార్లో బెంగాలీలో బేరమాడుతున్నాను.

తొంభైల్లో ఒక వేసవి మా వీధి కుళాయి ఎండిపోయింది. దరఖాస్తులు ఎన్ని పెట్టినా ఎవరూ కదల్లేదు. ఎండలో బిందెలతో రైలు పట్టాలు దాటి వెళ్లేవాళ్లం. రైల్వే ఆఫీసరు జీపు వెళ్లే దారిలో ఎన్నికల కుర్రాళ్లు సున్నం కొట్టి ఉంచుకున్న గోడ ఒకటి ఉంది. అప్ప వాళ్ల దగ్గరికెళ్లి, "దాదా, సగం గోడ నాకివ్వండి" అంది.

"దీదీ, మీరేం రాస్తారు?" అని నవ్వారు. కానీ ఇచ్చారు. కుంచె కూడా ఇచ్చారు.

ఎండిన కుళాయి, దాని మీద నోరు తెరిచిన కాకి, కింద ఖాళీ బిందెలు గీసింది. తెలుగు, బెంగాలీ, హిందీ మూడింట్లో ఒకే మాట రాసింది: "కాకికి కూడా దాహమేస్తోంది సార్."

నాలుగో రోజు జీపు ఆగింది. గుమాస్తా దిగి, "ఎవరు రాశారిది?" అని అరిచాడు. మేమందరం వెనక్కి తగ్గాం. అప్ప ఎదురెళ్లింది.

"నేనే రాసినాను. తప్పులుంటే సెప్పండి, దిద్దుతాను."

జీపులో ఉన్న ఆఫీసరు పకపకా నవ్వేశాడు. దిగొచ్చి మూడు వరసలూ చదివాడు. "కుళాయి ఎక్కడమ్మా, చూపించు" అన్నాడు.

వారం తిరక్కుండా కొత్త గొట్టం వేశారు. నీళ్లొచ్చిన పొద్దున్న వీధి వీధంతా కేకలు, ఈలలు. అప్ప తన బిందె నా చేతిలో పెట్టి, నీలం రంగు డబ్బా పట్టుకుని గోడ దగ్గరికి పరిగెత్తింది. స్టూలెక్కి, బొమ్మ కుళాయి నుంచి ధార మొదలుపెట్టి, బిందెలు నింపి, గోడ మీంచి కిందికి దించి, రోడ్డు మీదికి పారించింది. సైకిలు మీద వస్తున్న ఒక బెంగాలీ ముసలాయన అక్కడ దిగాడు. ఆ నీలం వంక ఒక్క క్షణం చూసి, చెప్పులు విప్పి సైకిలు హ్యాండిలుకి తగిలించి, ఒక చేత్తో పంచె మోకాళ్ల దాకా ఎత్తి, సైకిలు నడిపించుకుంటూ మెల్లగా ఏరు దాటినట్టు దాటాడు.