తండ్రి ఎత్తుకోని నెలలు

మొన్న మునిమనవరాలి తొట్టెల ఫంక్షన్‌లో మా పెద్దవాడు కొత్త చొక్కా వేసుకుని మనవరాలిని ఎత్తుకున్నాడు. ఆ పిల్ల ఎంతమాత్రం మొహమాటపడకుండా వాడి భుజం మీద పాలు కక్కింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను గానీ, మా ఆయన గుర్తొచ్చి నవ్వు రాలేదు.

పెద్దవాడు పుట్టింది గోదావరిఖనిలో, కంపెనీ క్వార్టర్‌లో. నేను తల్లి లేనిదాన్ని గనక అత్తే పురుడు పోసింది. మా ఆయనకు బొగ్గుబాయిలో, గని లోపల డ్యూటీ. మొదటి షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి నేను సరిగ్గా పిల్లాడికి పాలిచ్చి లేస్తుండేదాన్ని. ఎంత స్నానం చేసినా కనురెప్పల అంచున కాటుకలా బొగ్గు మిగిలే ఆ మనిషి, అన్నమైనా తినకుండా కొడుకును రెండు చేతులా పైకెత్తి ఊపేవాడు. ఇంకేముంది, తాగిన పాలన్నీ తండ్రి మీదే! మా అత్త అసలే అన్నింటికీ కారణం కనిపెట్టే మనిషి. ఆవలిస్తే దిష్టి, తుమ్మితే గాలి. "నువ్వు ఎత్తుకుంటెనే కక్కుతుండు గదరా! బాయి గాలి పడ్తలేదు పోరనికి" అని తేల్చేసింది. నా చేతుల్లోనూ కక్కేవాడు. అదేమో ఆమె కంటికి ఆనేది కాదు.

మా ఆయన వేపాకు నీళ్లతో రెండోసారి స్నానం చేశాడు. పీచుతో ఒళ్లు ఎర్రబడేదాకా రుద్దుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చి ఎత్తుకున్నాడు. వాడు మళ్లీ కక్కాడు. "తియ్ అవ్వా, పోరడు మంచిగుంటే సాలు. ఈన్నుంచే సూస్త" అన్నాడు తల్లితో. అప్పటి నుంచి గడప దగ్గర కూర్చుని కొడుకు వైపు చిటికెలు వేసేవాడు.

సూది మందు వేయించడానికి దవాఖానకు వెళ్లినప్పుడు డాక్టరమ్మను అడిగాను. ఆమె పిల్లాడిని తూచి నవ్వింది. "బరువు పెరుగుతున్నడు, హుషారుగున్నడు. ఫికర్ ఎందుకమ్మా? పాలు తాగంగనే ఊపితే కక్కడా మరి! భుజానేసుకొని తేపొచ్చేదాక మెల్లగ వీపు తట్టు. జరసేపు నిలువుగ ఎత్తుకో. పచ్చగ కక్కినా, బరువు తగ్గినా జల్ది తీస్కరా. లేకుంటే కూసునే యాళ్లకు అదే తగ్గుతది" అంది. బొగ్గు సంగతి కూడా అడిగాను. దానికీ దీనికీ సంబంధమే లేదంది.

కాళ్లు నేల మీద ఆనకుండా ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. చేతులు చాపినవాడల్లా గోళ్ల సందుల్లో నలుపు చూసుకుని వెనక్కి తీసుకున్నాడు. "కూసున్నంకనే ఎత్తుకుంట తియ్" అన్నాడు. తల్లి మాట అంతగా నాటుకుపోయింది.

డాక్టరమ్మ చెప్పినట్టే కూర్చునే వేళకు కక్కడం తగ్గింది. అదంతా తన కట్టడి మహిమేనంది మా అత్త. ఆ రోజు మా ఆయన ఎంత సంబరంగా చేతులు చాపాడో! పిల్లాడు ఎవరో కొత్త మనిషిని చూసినట్టు బెదిరి, బావురుమని నా మెడ పట్టుకున్నాడు. "నన్నెరుగడు, పాపం" అని నవ్వాడాయన, కళ్ల నిండా నీళ్లతో. తర్వాత మచ్చికయ్యాడు, తండ్రి భుజాలెక్కి ఊరంతా తిరిగాడు, కాదనను. కానీ పాలు కక్కే కాలం ఎలాగూ పోయేదే. దాన్ని త్వరగా పంపించాలని చూసి, ఆయన చేతుల్లో గడవాల్సిన పసితనాన్ని కూడా దాంతోపాటే పంపించేశాం.