దేవుడు ముట్టని పూలు

కొత్తపేటలో శరభయ్య గారి గొంతు ఎరగనివాళ్ళు లేరు. ఘనపాఠి. వేదంలో మాటని ముందుకీ వెనక్కీ తిప్పి ఎన్ని మెలికలు వేసి చెప్పినా ఒక్క స్వరం జారేది కాదు. స్వరం ఉంటే సరా? ఒకప్పుడు పెళ్ళికీ ఒడుగుకీ పిలిచి పంచెల చాపు పెట్టి సంభావన ఇచ్చిన లోగిళ్ళు డెబ్బైల నాటికి ఒక్కొక్కటే పిలవడం మానేశాయి. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్నట్టు, బియ్యం డబ్బా అడుగు కనబడుతున్నా ఆయన కండువా మడత మాత్రం నలగడానికి వీల్లేదు. ఆ మడత నలగకుండా చూసిన మనిషి ఆయన భార్య శారదాంబ గారు.

ఆవిడది మొక్కల చెయ్యి. ఇంటి ముందు నందివర్ధనం, మందారం, గన్నేరు. అవి దేవుడివి. ఎవరొచ్చి అడిగినా సజ్జ నిండా కోసి ఇవ్వాలే తప్ప, అమ్ముకోవడం వాళ్ళ ఇంటా వంటా లేదు. ఒకనాడు బ్యాంకు మేనేజరు గారి భార్య వచ్చి, ఆయన బల్ల మీద కూజాలో పెట్టడానికి పూలేమన్నా దొరుకుతాయా అని అడిగింది. ఆవిడ వెళ్ళాక శారదాంబ గారు చాలాసేపు ఆలోచించారు. దేవుడి పూలు అమ్మకూడదు, సరే. దేవుడు ముట్టని పూలు అమ్మితే తప్పేమిటి? ఏ శాస్త్రం కాదంటుంది?

పెరట్లో కొబ్బరిచెట్ల సందున మెట్టతామర దుంపలు పాతారు. క్రోటన్లు, కాగితంపూల చెట్లు వేశారు. పసుపుపచ్చ కంకులు పూసే సీమమొక్క ఒకటి కడియం నుంచి తెప్పించి, అడుగున పుట్టిన పిలకలు విడదీసి వరస నింపారు. ఒకసారి నాటితే ఏళ్ళ తరబడి పూసేవే అన్నీ. పొద్దు పొడవకముందే, మొగ్గ విచ్చీ విచ్చకుండా ఉండగానే, పొడుగు కాడతో కోసి, చివర ఏటవాలుగా చెక్కి, నీళ్ళ బిందెలో దించేవారు. కాగితంపూల కొమ్మకి ఆకులన్నీ దూసెయ్యాలి, లేకపోతే మధ్యాహ్నానికే తల వాల్చేస్తుంది. ఏటా ఒకసారి పొదలన్నిటినీ మోకాలెత్తుకి నరికేసేవారు. పచ్చటి కొమ్మలు నరుకుతావేమే అని శరభయ్య గారు విలవిల్లాడితే, "నరికితేనే పూస్తుందండీ. జాలిపడితే ఆకే మిగులుతుంది" అనేవారు.

శరభయ్య గారికి ఈ పూల బేరం తల కొట్టేసినట్టుండేది. వద్దందామంటే నోట్లోకి పోయే ముద్ద అందులోంచే వస్తోంది. అందుకని ఒక షరతు పెట్టారు.

"ఇవి మనింటివని ఎక్కడా పొక్కకూడదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది."

"ఆయ్, అలాగేనండీ" అన్నారావిడ.

అప్పటినుంచి బుట్ట మీద తడిగుడ్డ కప్పి, పొలాల మధ్య పుంత దారంట వెళ్ళి, పెళ్ళిపందిళ్ళూ సభావేదికలూ అలంకరించే త్రిమూర్తులు పాకలో దించి వచ్చేవారు. ఏడేళ్ళు అలాగే గడిచాయి. ఆ ఏడేళ్ళలో శరభయ్య గారు ఆ మొక్కలకి చెంబుడు నీళ్ళు పోసిన పాపాన పోలేదు. పొరుగువాళ్ళు చూస్తారని భయం.

ఎనభై నాలుగులో ఊరి పెద్దలు కమిటీ వేసి ఆయనకి సన్మానం తలపెట్టారు. శాలువా కప్పడానికి బెజవాడ నుంచి రిటైరైన జడ్జీ గారొకరు వచ్చారు. "సరైన చీరైనా లేదు, సభకేం వస్తావులే" అని శారదాంబ గారిని ఇంట్లోనే ఉండమన్నారు శరభయ్య గారు. ఆవిడ సరేనన్నారు. తీరా ఆ ఉదయం వేదిక మీద పూలు సర్దే త్రిమూర్తులు మనిషి జ్వరంతో పడ్డాడు. పెనిమిటి సన్మానానికి వేదిక బోసిగా ఉండడమేమిటని ఆవిడే రెండు బుట్టలూ మోసుకుని కల్యాణమండపం వెనక గుమ్మంలోంచి వచ్చి, కూజాల్లో కాడలు సర్దుతున్నారు. అంతలో పెద్దలందరూ ముందుగానే దిగారు.

జడ్జీ గారు ఆ పూలు చూసి ముచ్చటపడ్డారు. "ఎంత పొందిగ్గా కోశారండీ! ఎవరీవిడ?" అని పక్కనున్న శరభయ్య గారినే అడిగారు.

కమిటీ అధ్యక్షుడు నారాయణమూర్తి గారు మొదలు పదిమంది చుట్టూ నిలబడి ఉన్నారు. మా ఆవిడండీ. రెండే మాటలు. గొంతు దాకా వచ్చాయి కూడా. ఆ తడిసిన చెంగూ, మట్టి గోళ్ళూ చూసి వెనక్కి పోయాయి.

"పూలావిడండీ" అన్నారు.

శారదాంబ గారు ఆయన మొహం వంక చూడలేదు. "ఆయ్, పూలదాన్నేనండీ" అని జడ్జీ గారితో చెప్పి, చేతిలో ఉన్న కాడ కూజాలో పెట్టి, "వస్తానండీ, అయ్యగారూ" అని శరభయ్య గారికి దండం పెట్టి వెళ్ళిపోయారు.

ఆ రోజు ఘనం చెబుతూ ఆయన ఒకచోట స్వరం జారారు. ఎవరూ కనిపెట్టలేదు. ఇంటికొస్తే ఆవిడ ఎప్పటిలాగే ఆకు వేసి, "నెయ్యి వేసుకోండి" అన్నారు. తిట్టిపోసినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయారాయన. తాళి కట్టిన మనిషిని పదిమందిలో కాదన్నాక, ఈ నోటితో ఇంక వేదమేమిటనిపించింది. తప్పయిపోయిందని చెప్పబోయి రెండుసార్లు మంచినీళ్ళడిగి ఊరుకున్నారు.

వారం పోయాక ఓ పొద్దున్నే బుట్ట తనే ఎత్తుకున్నారు. ఆవిడ తడిగుడ్డ కప్పబోతే వద్దన్నారు. ఆవిడ ఏదో అనబోయి ఆగిపోయారు. పుంత దారి వదిలేసి, నడిబజారంట, నెత్తిన పూలబుట్టతో త్రిమూర్తులు పాకకి వెళ్ళారు.

"మీరు తెచ్చేరేంటండీ" అంటూ త్రిమూర్తులు గబగబా అందుకున్నాడు.

"త్రిమూర్తులూ, ఈ పూలు మా పెరట్లోవి. ఆ రోజు సన్మానంలో జడ్జీ గారితో పూలావిడ అన్నాను, ఆవిడ నా భార్య. ఇవాళ్టినుంచి ఊళ్ళో అందరికీ నేనే చెప్పుకుంటాను."

త్రిమూర్తులు కాడలు నీళ్ళలో దించుతూ తలెత్తలేదు. "తెలుసండీ."

"నీకెలాగూ తెలుసు. ఊరికి..."

"ఊరందరికీ తెలుసండీ. ఏడేళ్ళబట్టీ తెలుసు. మీకు చిన్నతనంగా ఉంటాదని, తెలిసినట్టు అనొద్దని అమ్మగారే అందరినీ బతిమాలుకున్నారండీ."

"మరి ఆ రోజు నారాయణమూర్తి గారూ, వాళ్ళందరూ..."

"ఆ జడ్జీ గారొక్కరికే తెలీదండీ" అన్నాడు త్రిమూర్తులు.

ఖాళీ బుట్టతో మళ్ళీ బజారు వెంబడే ఇంటికి రావాలి. కొట్లు తెరుస్తున్నవాళ్ళు రోజూలాగే పక్కకి తప్పుకుని, "నమస్కారమండీ" అన్నారు. ఆయన బుట్టని రెండు చేతులా పట్టుకుని, ఎవరి నమస్కారమూ అందుకోకుండా, తల వంచుకుని నడిచారు.