బానెట్ మీద చెయ్యి పెట్టి చూసిన మనిషి

మా మేడమ్ పోయారని పొద్దున్నే వాళ్ల చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది. "అక్క పోయిందమ్మా. నిద్రలనే పోయింది. జర తొందరగ రా" అంది. చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్‌కు నడిచే వెళ్లాను. దారి పొడుగునా నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అది ఇప్పటికీ తగ్గలేదు. ఇది రాస్తున్నది కూడా ఆ కోపంతోనే.

మేడమ్ బండ్ల పొగను కొలిచే లాబ్‌లో పెద్ద అధికారి. నేను ఆమె కింద పనిచేశాను. డీజిల్ లారీ నల్లగా పొగ వదిలితే అందరూ ముక్కు మూసుకుంటారు. పెట్రోల్ కార్లు, పెట్రోల్‌తో నడిచే చిన్న సరుకుల ట్రాలీలు వదిలేది కంటికి కనబడదు కాబట్టి అవి శుభ్రమైనవని జనం నమ్మకం. ఆ కనబడని రేణువుల్ని పట్టుకోవడమే మేడమ్ పని. బండిని రోలర్ల మీద నడిపించి, దాని పొగను తెల్లటి గుండ్రటి వడపోత కాగితం గుండా పంపేవాళ్లం. పరీక్షకు ముందూ తర్వాతా ఆ కాగితాన్ని తూచేవాళ్లం. పెరిగిన బరువెంతో, ఆ బండి గాల్లో కలిపిన మసి అంత.

తూకం గదిలోకి వెళ్లే ముందు ఆమె మా ముఖాలు చూసేవారు. పౌడర్ కనిపిస్తే కడుక్కుని రమ్మనేవారు. "నీ పౌడర్ పోయి కారు ఖాతల పడుతదమ్మా" అనేవారు. మల్లెపూలంటే ఆమెకు ప్రాణం. పుప్పొడి రాలుతుందని, ఉద్యోగంలో చేరాక తలలో పూలు పెట్టుకోవడమే మానేశారు. కొత్తలో నేనొకసారి మసి పట్టిన కాగితం చూపించి, "దీన్ని తూయడమెందుకు మేడమ్, కనిపిస్తూనే ఉందిగా" అన్నాను. "కండ్లతోని చూసి చెప్పేదానికి మనమెందుకు? కొలువకుండ ఏం చెప్పకు" అన్నారు.

పెట్రోల్ బండి చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే, ఆ మొదటి కాసేపట్లోనే మసి ఎక్కువగా వదులుతుంది. అందుకే పరీక్షకు ముందు రోజే బండిని తెచ్చి, తెల్లవారేదాకా కదపకుండా ఉంచాలి. ఒక కంపెనీ వాళ్లు కొత్త కారు తెచ్చారు. మర్నాడు పొద్దున మేడమ్ అలవాటుగా బానెట్ మీద చెయ్యి పెట్టారు. వెచ్చగా ఉంది.

"ఎవరు స్టార్ట్ చేసిండ్రు?" అని అడిగారు.

కంపెనీ మనిషి నవ్వాడు. "జర పక్కకు జరిపినం మేడమ్, గంతే."

లాబ్ మొత్తానికీ పైనున్న పెద్దసారుకు కబురు వెళ్లింది. ఆయన వచ్చి, "చిన్న విషయానికి ఇంత పట్టుదల ఎందుకమ్మా, కానియ్యండి" అన్నాడు.

"జనం ఇంటికాడ చల్లటి బండే స్టార్ట్ చేస్తరు సార్. దీన్ని కూడ గట్లనే చూడాలె. రేపు చేద్దాం."

"ఈరోజే కావాలి."

"అయితే నా సంతకం ఉండది."

సాయంత్రానికల్లా వేరొకరు సంతకం పెట్టారు. కారు రోడ్డెక్కింది. మేడమ్‌ను స్టోర్స్‌కు మార్చారు. గాలిలో తేలే మసిని తూచడం తెలిసిన మనిషి, రిటైరయ్యేదాకా చేతి తొడుగుల పెట్టెలు సర్దుతూ కూర్చుంది. ఇదేమిటని అడిగినవాడు లేడు.

రిటైరయ్యాక ఆమె చేతిలో ఇమిడే రేణువుల మీటరు ఒకటి కొనుక్కున్నారు. నారాయణగూడలో ఒక స్కూల్ వదిలే వేళకు గేటు దగ్గర నిలబడేవారు. పిల్లల కోసం వచ్చిన కార్లు ఏసీ వేసుకుని, ఇంజన్ ఆపకుండా వరసగా ఉండేవి. అద్దం తట్టి, "బండి బంద్ చెయ్యి నాయనా" అనేవారు. ఒకరోజు నేనూ వెంట వెళ్లాను. ఒకతను అద్దం సగం దించి, "పెట్రోల్ బండి ఆంటీ, పొగ ఏడున్నది?" అన్నాడు. ఆమె మీటరు అతని వైపు తిప్పారు. "మీ పిల్ల ముక్కు ఎంత ఎత్తులుంటదో గంత ఎత్తుల పట్టి చూసిన. చూడు." అతను చూడలేదు, అద్దం ఎత్తేశాడు. నాకు ఆ అద్దం పగలగొట్టాలనిపించింది. మేడమ్ అప్పటికే పక్క కారు దగ్గరికి వెళ్లిపోయారు.

చివర్లో ఆమెకు ఊపిరి అందేది కాదు. సిగరెట్ ముట్టని మనిషి. ఆస్పత్రిలో నేను పక్కన కూర్చుని, "ఆ పొగే మిమ్మల్నిలా చేసింది మేడమ్" అన్నాను.

ఆమె మాస్కు పక్కకు జరిపారు. "కొలిచినవా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"మరి చెప్పకు. తెల్వదు అను. తెల్వదు అంటే తప్పేం లేదు."

అందుకే ఆ పొగే ఆమెను చంపిందని ఇక్కడ రాయడం లేదు. తెలియదు అనే రాస్తున్నాను. కానీ ఎందుకు తెలియదు? కొలవాల్సినవాళ్లు కొలవలేదు, కొలిచే మనిషిని స్టోర్స్‌లో కూర్చోబెట్టారు. నా కోపమంతా అక్కడే ఉంది. తెలియని చోట ఆగమని నేర్పింది ఆమే, తెలిసిన చోట నోరు మూసుకోవద్దని నేర్పిందీ ఆమే. నా బతుక్కి ఆ రెండూ చాలా పెద్ద ఆస్తి.

మేడమ్ పోయిన రోజు ఇంటికి పెద్దసారు కూడా పెద్ద పూలదండతో వచ్చాడు. దండ వేసి, మా వైపు తిరిగి, "శాంతమూర్తి. ఎవర్నీ ఒక్క మాట అనలేదు" అన్నాడు.

"అన్నారు సార్. మిమ్మల్నే అన్నారు. మీరే వినలేదు" అన్నాను.

ఆయన చెప్పులు వెతుక్కుంటూ గుమ్మం దిగిపోయాడు.

కింద గల్లీలో అంతిమయాత్ర వాహనం వచ్చి ఆగింది. దాని వెనక చుట్టాల కార్లు. అన్నిటి ఇంజన్లూ నడుస్తూనే ఉన్నాయి. ఎండ కదా, లోపల ఏసీలు. ఎదుటి హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకునే పిల్లలు పుస్తకాలు పట్టుకుని గోడకు ఒదిగి నిలబడ్డారు. మేడమ్‌ను కిందికి తెచ్చేసరికి, ఏడ్చి ఏడ్చి గొంతు పోయిన ఆమె చెల్లెలు ఒక్కసారిగా లేచింది. ఉత్త కాళ్లతో కార్ల మధ్యకు వెళ్లి, అరచేత్తో ఒక్కో బానెట్‌నీ బాదుతూ పోయింది.

"బంద్ పెట్టుండ్రి! అక్క పోయేదాకన్న బంద్ పెట్టుండ్రి!"

ఒక కారు ఆగింది. తర్వాత ఇంకొకటి. వాహనం డ్రైవర్ కూడా తాళం తిప్పాడు. గల్లీ మొత్తం నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో నలుగురూ మేడమ్‌ను వాహనంలోకి ఎత్తారు. నారాయణగూడ ఫ్లైఓవర్ మీది హోరు మాత్రం ఆగలేదు.