తిరిగొచ్చిన దిష్టి మూట

మా గేటు కాడ రెండు డబ్బలుంటయి. పచ్చది తడి చెత్తకు, నీలంది పొడి చెత్తకు. గింత ముచ్చట చెప్పనీకి మున్సిపాలిటోళ్లు జనగామల మా గల్లీకి ఎన్నిమాట్ల వచ్చిండ్రో. వచ్చినోళ్లు వచ్చినట్టు ఒక్కొక్కలు ఒక్కో తీరు చెప్పిండ్రు. కొబ్బరిచిప్ప పచ్చదాంట్ల ఎయ్యమని ఒగలు, గట్టిగుంటది గద నీలందాంట్ల ఎయ్యమని ఇంకొగలు. నేను ఇంట్లనే మిషిన్ కుడత. జాకెట్లు కుట్టంగ మిగిలిన పేలికలు సంచులకు సంచులు అయితయి. అవి పొడి చెత్తనే గద. ఒకనాడు వానకు తడిసినయి. "తడిగున్నయక్కా, నీలందాంట్ల తీస్కోను" అన్నది బండెంబడి వచ్చే సఫాయామె. సరే అని పచ్చదాంట్ల ఏస్తె, "గుడ్డలు తడి చెత్త ఎట్లయితయక్కా" అన్నది. "మరి నా నెత్తి మీద పెట్టుకోనా?" అన్న. ఆమె నవ్వింది, నేను నవ్విన. ఆ పేలికలు వారం దాంక దండెం మీద ఎండినయి.

అప్పటిదాంక గిట్ల నవ్వులాటగనే ఉండె.

నా బిడ్డను చిట్యాలకు ఇచ్చినం. మొదటిది ఆరో నెలల కడుపులనే పోయింది. మల్ల నీళ్లు పోసుకున్నది. దవాఖానల డాక్టరమ్మ మంచం దిగొద్దని చెప్తె నా ఇంటికి తెచ్చుకున్న. మా ఆయన నౌకరి భూపాలపల్లి బొగ్గు బాయిల మీద, ఆదివారం ఆదివారం వచ్చి పోతుండె. అందుకని ఇంట్ల నేను, నా బిడ్డ, మా అవ్వ, గంతే. అవ్వ అంటె నన్ను కన్నతల్లి. బాపు పోయినంక నెల్లికుదురు ఇడిచిపెట్టి నా కాడికి వచ్చింది. నా బిడ్డను సాదింది గూడ అవ్వనే. నేను మిషిన్ మీద కూసుంటె అది అవ్వ సంకల పెరిగింది. ఇప్పుడు ఆరో నెల సొచ్చింది. ఆ మాట ఎవ్వలం నోటికి తెచ్చుకోలే గని, ముగ్గురి పాణం ఆ కడుపు మీదనే ఉండె.

ఒకనాడు మాపటీలి కడుపుల గుంజుతుందని ఏడ్చింది. ఆటోల దవాఖానకు ఉరికినం. కడుపుల పిల్ల మంచిగనే ఉన్నది, పరేషాన్ గావద్దు అన్నది డాక్టరమ్మ. ఇంటికి రాంగనే అవ్వ కొంగు బిగించి పొయ్యి ముట్టిచ్చింది. మోదుగాకు విస్తరిల తెల్లన్నం ముద్ద, పసుపన్నం ముద్ద, కుంకుమ కలిపిన ఎర్రన్నం ముద్ద పెట్టింది. నిమ్మకాయ కోసి పెట్టింది. ఎండు మిరపకాయలు, ఉప్పు, బొగ్గు ఏసింది. నా బిడ్డను మంచం మీదనే కూసోవెట్టి, దాని చుట్టూ తిప్పి, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, నా దిష్టి గూడ పోవాలె" అనుకుంట దిష్టి తీసింది. విస్తరిని దాని పాత చున్నీ పేలికల మూట కట్టింది. ఇగ దాన్ని మూడు బాటల కాడ పెట్టాలె. పెట్టినంక ఎనకకు తిరిగి చూడొద్దు. దిష్టి తీసిన చేతికి అది మల్ల రావద్దు. మా దిక్కు ఎవలనడిగినా గీ సంగతి చెప్తరు.

మా గల్లీ మూడు బాటల కాడ ఒకప్పుడు చెత్త కుప్పలు పడుతుండె. ఇప్పుడు అక్కడ మున్సిపాలిటోళ్లు ముగ్గేసి, జరిమానా బోర్డు పెట్టి, కరెంటు స్తంభానికి కెమెరా బిగించిండ్రు. "అవ్వా, కెమెరా ఉన్నది, వద్దే" అన్న. "ఉంటె ఉండనీ. మనుషులను చూస్తది గని దిష్టిని చూస్తదా?" అన్నది. పోయింది, వచ్చింది. ఎనకకు చూడలే, తొవ్వల ఎవ్వలతోని మాట్లాడలే. నా బిడ్డ ఆ రాత్రి కండ్ల నిండ నిద్రపోయింది.

తెల్లారి చెత్తబండి పాట ఇనవడ్డది. రోజు ఒర్రే పాటనే, గని మా గేటు ముందట ఆగి ఒర్రుతనే ఉన్నది. అవ్వ పోయి గేటు తీసింది. బయట మున్సిపాలిటి జవాను నిలవడ్డడు. రబ్బరు తొడుగులేసుకున్న చేతిల ఆ మూట ఉన్నది.

"అవ్వా, గిది నీదేనా? కెమెరాల నువ్వే కనవడ్డవు. రోడ్డు మీద ఎయ్యద్దని చెప్పినం గద. నీ ఇంట్లనే తడిది తడిదాంట్ల, గుడ్డ పొడిదాంట్ల ఏస్కో" అని చెయ్యి చాపిండు.

మా అవ్వకొక అలవాటున్నది. బొట్టు పెట్టి ఇచ్చినా, చెంబెడు నీళ్లిచ్చినా, ఎవలేం ఇచ్చినా రెండు చేతులు చాపి అందుకుంటది. వచ్చిన మనిషి చెయ్యి ఉత్తగ ఎనకకు పోవద్దంటది. నేను లోపట్నుంచి "తీస్కోకే" అని ఒర్రంగనే మూట అవ్వ చేతులల్ల ఉన్నది. వాడు ఫోను తీసి ఫొటో కొట్టిండు.

నేను గేటు కాడికి ఉరికి, "నీ బండవడ, ముసలిదాని చేతిల ఏం పెట్టినవురా!" అన్న. వాడు గాబరైండు. "పెద్దమనిషని ఫైన్ గూడ ఎయ్యలేదక్కా. ఎవల చెత్త వాళ్లకే ఇయ్యమని పైనుంచి ఆర్డరు" అని బండెక్కిండు. వాడు చెడ్డోడేం గాదు. అదే నాకు ఇంకా కోపం.

ఆ ఫొటో మా వార్డు వాట్సాప్ గ్రూపుల వెట్టిండ్రు, నలుగురు చూసి బుద్ధి తెచ్చుకోవాలెనని. నేను పెద్దగ చేసి చూసిన. అవ్వ రెండు చేతుల మూట పట్టుకొని కండ్లు తేలేసింది. అవ్వ ఎనుక, గడపల, చీకట్ల నా బిడ్డ కడుపు పట్టుకొని నిలవడ్డది. అది మంచం దిగిందని అప్పటిదాంక నాకు తెల్వదు.

ఇగ ఆ మూటను ఏం చెయ్యాలె? గడప దాటి లోపటికి తేవద్దు. బయట ఎయ్యద్దు. గేటు పక్క గోడ మీద పెట్టినం. సఫాయామెను బతిలాడిన. "అక్కా, నీ కాళ్లు మొక్కుత, నాకు గూడ పిల్లలున్నరు" అని దూరంకెల్లే దండం పెట్టింది. తెల్లారి నుంచి బండి మా ఇంటి ముందట ఆగుడు బంద్. పాట వచ్చేది, దగ్గరికి రాంగ రాంగ సప్పుడు పెరిగేది, మా గేటు కాడ ఉరికి పోయేది. పాలామె ప్యాకెట్లు పక్కింటోళ్ల అరుగు మీద పెట్టి పోయేది. గ్రూపుల నవ్వినోళ్లు గూడ మా గోడ దిక్కు నడుసుడు మానుకున్నరు. మూట మాత్రం అట్లనే ఉన్నది. అన్నం ముద్దలున్న మూట, ఎండల ఉన్నది, కుక్క ముట్టలే, కాకి వాలలే. చీమ గూడ ఎక్కలే. నేను రోజూ దగ్గరికి పోయి చూసేదాన్ని. ఉప్పుకు, మిరపకాయలకు రావేమో అని నాకు నేనే చెప్పుకునేది. చెప్పుకుంటనే రెండడుగులు ఎనకకు ఏసేది.

ఒకనాడు పగటీలి అన్నం తినమని పిలుస్తె అవ్వ లేదు. గోడ మీద మూట లేదు. గల్లీలన్ని తిరిగిన. పొద్దుమూకంగ వచ్చింది, కాళ్లకు మట్టి. పాలకుర్తి దిక్కు ఆటో ఎక్కి, పత్తి చేన్ల నడుమ మూడు బాటలున్న కాడ దిగి, అక్కడ పెట్టి వచ్చిందట.

"ఇగ పీడ పోయింది గద, రా, తిను" అన్న.

"ఎట్ల పోతది బిడ్డా? వాడు ఇచ్చిండు, నేను తీసుకున్న. మూట అక్కడున్నది. దిష్టి నా చేతులల్లనే ఉన్నది."

అవ్వ మంచం వరండలకు ఏసుకున్నది. పళ్లెం వేరు, చెంబు వేరు. నా బిడ్డ ఉన్న అర్రల కాలు పెట్టలే. "అమ్మమ్మా, జర నెత్తికి నూనె పెట్టవే" అని లోపట్నుంచి అది ఏడ్సుడు, బయట కూసోని ఈమె ఏడ్సుడు. నేను నడిమిట్ల నిలవడి ఇద్దరిని తిట్టుడు. "నీకు పిచ్చి లేసిందా? మున్సిపాలిటోడు చెత్త తెచ్చిచ్చిండు, గంతే!" అని ఎన్నిమాట్ల మొత్తుకున్ననో. అవ్వ రెండు అరచేతులు మోకాళ్ల మీద ఎల్లకిల పెట్టుకొని వాటినే చూసుకుంట కూసునేది. పసుపు నీళ్లతోని కడిగేది, మల్ల చూసేది. బువ్వ పెట్టనీకి ఒంగితె ఆమె చేతులల్ల నిమ్మకాయ వాసన వచ్చేది. అప్పటికి మా ఇంట్లకు నిమ్మకాయ తేక ఎన్నొద్దులాయెనో.

నా బిడ్డకు నెలలు నిండినయి. ఆడపిల్ల పుట్టింది, బంగారమసొంటి పిల్ల. నేను దవాఖాన నుంచి ఉరికొచ్చి, "చూసినవా, ఏం గాలే! ఇప్పుడన్న లేవు, వచ్చి ఎత్తుకో" అన్న. అవ్వ మొగులు దిక్కు చూసి దండం పెట్టింది. "నేను ముట్టలే గనుకనే ఏం గాలే" అన్నది.

పిల్ల బోర్ల పడ్డది, పాకవట్టింది. దానికి ఇంట్ల అందరి కన్న వరండల కూసున్న ముసలామె మీదనే పాణం. గడప దాటి అటే పోతది. అది పోంగనే అవ్వ లేచి గేటు బయటికి పోతది. పిల్ల ఏడుపు ఆపేదాంక గల్లీలనే నిలవడుతది.

మొన్న పొద్దుగాల అవ్వకు మోకాళ్ల నొప్పులు, తొందరగ లేవలేకపోయింది. పిల్ల దగ్గరికి వచ్చేసింది. అవ్వ లేచి ఎనకకు, ఎనకకు జరిగి గోడకు ఆనింది. "రాకు తల్లీ, రాకు" అంటున్నది. ఇగ పోనీకి జాగ లేక, చేతులు రెండు నెత్తి మీదికి లేపింది. పిల్ల ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకొని లేచి నిలవడ్డది. అప్పటిదాంక అది ఎన్నడు నిలవడలే. "అమ్మా, చూడు, నిలవడ్డది!" అని నా బిడ్డ వంటింట్ల నుంచి చప్పట్లు కొట్టింది. పిల్ల నవ్వుకుంట ఒక చెయ్యి పైకి చాపింది. అవ్వ చేతులు పైననే ఉన్నయి. కండ్లల్ల నుంచి నీళ్లు కారుతున్నయి. నిమిషమైనంక ఆ చేతులు కిందికి దిగుతున్నట్టు కనవడ్డది.

మిషిన్ మీదికెల్లి ఉరికిన. అవ్వ చేతులు పట్టి పిల్ల నెత్తి మీద పెడదామనే ఉరికిన, నా మీద ఒట్టు. దగ్గరికి పోంగనే నా చేతులు పిల్లను గుంజుకున్నయి. గట్టిగ ఎదకు అదుముకొని గడప లోపటికి వచ్చి నిలవడ్డ.

అవ్వ చేతులు కిందికి దించి కొంగుల దాచుకున్నది. నా దిక్కు చూసింది.

"మంచి పని చేసినవు బిడ్డా" అన్నది.