హెన్నీ అడిగిన గురువారం

మంగళవారం పొద్దున బెరెండ్ వాసింక్ తన అక్క హెన్నీ చక్రాల కుర్చీ టైర్లకు గాలి కొట్టాడు. గట్టిగా కొట్టలేదు, నొక్కితే కాస్త లోపలికి పోయేలా వదిలేశాడు. డెవెంటర్‌లో పాత వీధులన్నీ ఇటుక, గుండ్రాయి. టైరు గట్టిగా ఉంటే ప్రతి రాయీ కూర్చున్నవాళ్ళ నడుముకు తగులుతుంది. ఆ వీధుల్లో చాలావాటికి ఇటుక పరిచింది ఆయనే.

పదహారో ఏట మోకాళ్ళ మీద కూర్చున్నవాడు రిటైరయ్యేదాకా లేవలేదని ఆయన గురించి హెన్నీ వేళాకోళం చేస్తుంది. ఇసుక చదును చేయడం, ఇటుక ఆనించడం, సుత్తితో తట్టడం. డెబ్బయ్యేళ్ళు వచ్చినా నడిచేటప్పుడు బెరెండ్ చూపు నేలమీదే ఉంటుంది. మనుషుల మొహాల్లోకి చూడడం తక్కువ. భార్య ట్రూస్ ఆసుపత్రిలో ప్రాణం వదిలిన రోజూ అంతే. గాలి పీల్చుకొస్తానని బయటికి వెళ్ళి, కార్లు నిలిపేచోట కుంగిన ఇటుకల్ని చూస్తూ నిలబడిపోయాడు. లోపల ట్రూస్ చెయ్యి పట్టుకుని కూర్చున్నది హెన్నీ.

హెన్నీకి డెబ్బై నాలుగు. అమ్మ చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి పెంచింది, పెళ్ళి చేసుకుంది, తివాచీల ఫ్యాక్టరీలో నూలు కండెల దగ్గర పనిచేసింది. భర్త పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. నిరుడు చలికాలంలో ఒకరోజు ఆమె చేతిలోంచి కాఫీ కప్పు జారింది. కండరాలు ఒక్కొక్కటే చచ్చుబడే జబ్బు అన్నారు. చేతులు పోయాయి, కాళ్ళు పోయాయి, వేసవికల్లా గొంతు మొదలైంది. మాట ముద్దముద్దగా వస్తోంది. మందు లేదు. గుటక పడక, ఊపిరాడక పోవడం తనకిష్టం లేదని, అంతకుముందే మందిచ్చి ప్రశాంతంగా పంపించమని హెన్నీ తనని చూసే డాక్టరమ్మను అడిగింది. ఇక్కడి చట్టం అందుకు ఒప్పుకుంటుంది. వేరే ఊరి డాక్టరు కూడా వచ్చి, ఆమెతో ఒంటరిగా మాట్లాడి, సరేనన్నాడు. గురువారం మధ్యాహ్నం అనుకున్నారు.

"నువ్వు పక్కన కూర్చోవాలి" అని హెన్నీ తమ్ముణ్ణి అడిగింది. బెరెండ్ అవుననలేదు, కాదనలేదు. "డెవెంటర్ తీసుకెళ్తా. కూక్ తిందాం" అన్నాడు. కూక్ అంటే ఆ ఊరి తేనె కేకు. ఆయన మనసులో ఇంకో మాట ఉంది. కనీసం డిసెంబరు పండగలు దాటేదాకా ఆగమని అడగాలి. అక్క మంచం పక్కన నిలబడి అడగడానికి నోరు రాలేదు.

నదికి ఇవతల హెన్నీ ఉండే ట్వెల్లో అనే ఊరి నుంచి పక్కింటివాళ్ళ వ్యానులో బయల్దేరారు. వంతెన మీదుగా వెళ్తే నేరుగా ఊళ్ళోకే పోవచ్చు. హెన్నీ పడవలోనే వెళ్దామంది, వ్యాను ఇవతలి ఒడ్డునే వదిలేశారు. చిన్నప్పుడు అమ్మ ఇద్దర్నీ ఐసెల్ నది అలాగే దాటించేది. అక్టోబరు గాలికి నీళ్ళు బూడిద రంగులో కదులుతున్నాయి. అవతలి ఒడ్డున చర్చి గోపురం, దాని కింద ఊరు.

పడవవాడికి బెరెండ్ పాత పరిచయం.

"ఏం బెరెండ్, రిటైరయ్యాక డ్రైవరు పనిలో చేరావా?"

"జీతం లేని ఉద్యోగం" అన్నాడు బెరెండ్.

హెన్నీ ఏదో అంది. పడవవాడికి అర్థం కాలేదు.

"ఏమంటోంది మీ అక్క?"

"జీతం ఇవ్వడానికి డ్రైవింగ్ రావాలి కదా అంటోంది."

పడవవాడు గట్టిగా నవ్వాడు. బెరెండ్ కుర్చీ చక్రాలకు బ్రేకు వేసి, అక్క మెడకు మఫ్లరు సర్దాడు.

ఊళ్ళో ఆయన ఏ వీధికీ నేరుగా పోలేదు. ఇక్కడ డ్రైనేజీ పైపు వేసి సరిగా పూడ్చలేదని పక్క సందులోకి తిప్పాడు. అక్కడ చెట్టు వేరు ఇటుకల్ని లేపిందని ఇంకో సందులోకి తిప్పాడు. పది అడుగుల్లో పోయేది ఊరంతా తిరిగి బ్రింక్ కూడలికి చేరారు.

"కూక్ షాపుకే కదరా పోయేది, ఊరు కొంటున్నావా?" అంది హెన్నీ.

షాపు ముందు ఆగి ఆమె అసలు సంగతి చెప్పింది. ఎనిమిది కూక్‌లు కావాలి, పొడుగు రొట్టెల్లాంటివి, కోయనివి.

"ఎనిమిదా? ఎవరు తింటారే?"

"తర్వాత కాఫీకి వచ్చేవాళ్ళు. సమాధి దగ్గర్నుంచి చలికి వణుకుతూ వస్తారు. అందరూ పెట్టే ఆ ఎండు కేకు నా పేరున పెట్టావంటే లేచొస్తా."

బెరెండ్ కిందికి చూశాడు. గుమ్మం ముందు ఇటుకలు బాగానే ఉన్నాయి.

లోపల తేనె, దాల్చినచెక్క వాసన. కౌంటరు వెనక యాభై ఏళ్ళావిడ తెల్ల ఆప్రాన్‌లో ఉంది. హెన్నీ ఆ రోజు ఎర్రకోటు వేసుకుంది, జుట్టు సెట్ చేయించుకుంది, కోటుకు అమ్మ వెండి పిన్ను పెట్టించుకుంది. పని దినం, ముస్తాబైన పెద్దావిడ, ఎనిమిది కూక్‌లు. ఈ దేశంలో అలాంటిది ఎవరి కంటబడినా ఒకటే అనుకుంటారు, పుట్టినరోజని.

"ఇంటికి చాలామంది వస్తున్నారన్నమాట! ఎప్పుడు?" అంది షాపావిడ.

"గురువారం" అంది హెన్నీ.

షాపావిడ చేతులు తుడుచుకుని కౌంటరు ఇవతలికి వచ్చింది. హెన్నీ ఒళ్ళో పడున్న చెయ్యి అందుకుని, "ముందే చెప్తున్నా, అభినందనలు!" అంది. ఇంట్లోవాళ్ళకీ అభినందనలు చెప్పడం ఇక్కడి ఆచారం, ఆ తర్వాత బెరెండ్ చెయ్యి పట్టుకుని ఊపింది. "మీకూ అభినందనలు, ఈవిడ పుట్టినరోజుకి!" వెనక వరసలో నిలబడ్డ పెద్దాయన టోపీ తీశాడు. ఆయనా వచ్చి ఇద్దరికీ చేతులు కలిపాడు. "ఇంకా చాలా ఏళ్ళు ఇలాగే ఉండాలి" అన్నాడు.

బెరెండ్ మొహం ఎర్రబడింది. నోరు తెరిచాడు. హెన్నీ ఆయనకంటే ముందే అంది, "థాంక్స్ చెప్పరా."

"థాంక్స్ అంటోంది" అన్నాడు బెరెండ్.

"ఎన్నేళ్ళు నిండుతాయి?"

"డెబ్బై నాలుగు" అంది హెన్నీ. అది అబద్ధం కాదు.

షాపావిడ ఎనిమిదింటికీ ఎర్ర రిబ్బను కట్టింది. అప్పుడే కోసిన కూక్‌లోంచి కొసముక్క తీసి కాగితంలో పెట్టి హెన్నీ ఒళ్ళో ఉంచింది. "పుట్టినరోజువాళ్ళకి ఇది మా తరఫున."

బయటికొచ్చాక బెరెండ్ కుర్చీని ఆపేశాడు. "చెప్పొచ్చు కదా!"

"చెప్పి? ఆవిడ మొహం చూశావా? లేదు, నువ్వెక్కడ చూస్తావు. ఎంత సంబరపడిందో. చెబితే ఇవాళంతా ఆవిడకి కాఫీ దిగేదా?"

కూడలి మధ్యలో పూర్వం సంతకొచ్చే సరుకులు తూచిన పాత తూకం ఇల్లు ఉంది. దాని గోడకి పెద్ద రాగి గుండిగ వేలాడుతోంది. దొంగ నాణేలు పోసినవాణ్ణి అందులో ఉడకబెట్టారని అమ్మ చెప్పేది, అబద్ధాలాడితే మీ గతీ అంతే అనేది. హెన్నీ గుండిగకేసి గడ్డం ఎత్తింది. "నన్నింక దాంట్లో పడేస్తారేమో. గురువారం డాక్టరమ్మకి పని తప్పుతుంది."

బెరెండ్ నవ్వలేదు.

కాఫీ హోటల్లో కిటికీ పక్క బల్ల దొరికింది. కొసముక్క గట్టిగా ఉంటుంది, నమిలేకొద్దీ తీపి ఊరుతుంది. చిన్నప్పుడు దానికోసం ఇద్దరూ కొట్టుకునేవాళ్ళు. గెలిచేది ఎప్పుడూ హెన్నీయే. బెరెండ్ దాన్ని గోరంత తుంచి, కాఫీలో ముంచి, మెత్తబడేదాకా ఆగి, ఆమె నాలుక మీద పెట్టాడు. హెన్నీ కళ్ళు మూసుకుంది.

"అదే రుచి" అంది.

డిసెంబరు మాట ఎత్తడానికి ఇదే సమయం అనుకున్నాడు బెరెండ్. రెండో ముక్క పెట్టాడు.

అది గొంతులో ఆగింది. మొదట చిన్న దగ్గు. తర్వాత దగ్గు కూడా రాలేదు. మొహం నల్లబడింది. హోటల్లో మాటలు ఆగిపోయాయి, నీళ్ళ గ్లాసుతో పరిగెత్తుకొచ్చిన పిల్లని బెరెండ్ చేత్తో ఆపాడు. అక్కను ముందుకు వంచి, నుదురు తన అరచేతిలో పట్టుకుని, రెండో చేత్తో వీపు మీద చరిచాడు. మళ్ళీ చరిచాడు. కిందికి వంగి ఆమె మొహం చూశాడు. కళ్ళు ఆయన్నే చూస్తున్నాయి, బావిలో పడ్డవాళ్ళు పైకి చూసినట్టు.

ముక్క బయటికొచ్చింది. ఈలలాంటి చప్పుడుతో ఊపిరి లోపలికి పోయింది. ఆ తర్వాత చాలాసేపు ఆయన ఆమె గడ్డం తుడుస్తూనే ఉన్నాడు, తుడవడానికి ఏమీ లేకపోయినా.

"ఇదేరా" అంది హెన్నీ, మాట కూడదీసుకుని. "నేను చెప్పేది ఇదే. ఇప్పుడు రోజుకోసారి. రేపు ప్రతి ముద్దకీ."

బెరెండ్ తల ఊపాడు. డిసెంబరు మాట ఎత్తలేదు. మిగిలిన కొసముక్కని కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

తిరుగు పడవలో వాళ్ళిద్దరే. కూక్‌ల సంచి హెన్నీ కాళ్ళ దగ్గర ఉంది. నది మధ్యకి వచ్చాక ఆమె అడిగింది.

"గురువారం వస్తావా, బెరెండ్?"

"మీ గుమ్మం ముందు ఇటుకలు కుంగాయి" అన్నాడు ఆయన. "రేపొచ్చి సరిచేస్తా. శవపెట్టె మోసేవాళ్ళు తడబడతారు."

హెన్నీ నవ్వింది. నవ్వితే మళ్ళీ దగ్గొస్తుందని ఆపుకుంది. "అది బుధవారం. నేనడిగింది గురువారం. ట్రూస్ పోయినప్పుడు బయట నిలబడ్డావు. నిన్నేమీ అనలేదు. నాకు మాత్రం చెయ్యి పట్టుకోడానికి ఇంకో హెన్నీ లేదురా."

పడవ ఒడ్డుకి తగిలింది. "దిగండి, దిగండి, గాలి పెరుగుతోంది" అని పడవవాడు కేక పెట్టాడు. బెరెండ్ కుర్చీ బ్రేకు తీశాడు.

బుధవారం ఆయన మోకాళ్ళకి తోలుగుడ్డలు కట్టుకుని గుమ్మం నుంచి రోడ్డుదాకా ఇటుకలు తీసి, ఇసుక పోసి, మళ్ళీ పరిచాడు. కిటికీ పక్కకి జరిపించిన మంచం మీంచి హెన్నీ చూసింది. "ఎడమవైపు ఎత్తుగా ఉంది" అంది. ఎత్తుగా లేదు. అయినా ఆయన రెండు ఇటుకలు తీసి మళ్ళీ పెట్టాడు. సాయంత్రం సుత్తి, తోలుగుడ్డలు వ్యానులో వేసుకుని, రేపటి మాట ఏమీ చెప్పకుండానే వెళ్ళిపోయాడు.

గురువారం మధ్యాహ్నం డాక్టరమ్మ బెల్లు కొట్టింది. లోపలి నుంచి తలుపు తీసింది బెరెండ్. ఆమె కోటు అందుకుని కొక్కేనికి తగిలించాడు. డాక్టరమ్మ మంచం పక్కన నిలబడి, చట్టం ప్రకారం అడగాల్సింది చివరిసారి అడిగింది. ఇప్పటికీ ఇదే మీ కోరికా?

హెన్నీ మాట ముద్దగా వచ్చింది. డాక్టరమ్మ అలవాటుగా బెరెండ్ వైపు చూసింది. ఆయన, నువ్వే చెప్పమన్నట్టు, అక్క వైపు తిరిగాడు. హెన్నీ ఊపిరి పీల్చుకుని, ఈసారి విడివిడిగా అంది, "అవును."

బెరెండ్ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. హెన్నీ చెయ్యి తన రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు. పక్కనే కిటికీ ఉంది, బయట నిన్న పరిచిన ఇటుకలు కనిపిస్తున్నాయి. ఆయన అటు చూడలేదు. డాక్టరమ్మ భుజం తట్టి అయిపోయిందని చెప్పేదాకా అక్క మొహమే చూశాడు.

ఆ తర్వాతి మంగళవారం సమాధి దగ్గర్నుంచి వచ్చినవాళ్ళకి కాఫీతో కూక్ పెట్టారు. ఎనిమిదింటినీ బెరెండ్ తనే కోశాడు. పళ్ళేలన్నీ ఖాళీ అయ్యాయి. కొసముక్కలు మాత్రం ఆయన ఎవరికీ పెట్టలేదు. పదహారు మిగిలాయి.