బావుల పేజీలో అతికించిన చీటీ

మా జగిత్యాల మీద ఒక విజ్ఞాన సర్వస్వం ఉంది. ఊరి పుట్టుక నుంచి నిన్నమొన్నటి బైపాస్ రోడ్డు దాకా, గుళ్లు, మసీదులు, బడులు, బజార్లు, బావులు, అన్నీ అక్షరక్రమంలో ఉంటాయి. ఇప్పటికి మూడు ముద్రణలు వచ్చాయి. అందులో బావుల గురించిన పేజీ కింద నా పేరు ఉంటుంది. ఆ పేజీ తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మూడో ముద్రణ ఆవిష్కరణ ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. శాలువాలు కప్పారు, మెమెంటోలు ఇచ్చారు. స్టేజీ మీద ఉన్నవాళ్లలో ఒక్కరూ పుస్తకం తెరవలేదు. ఫొటో కోసం గుండెలకు ఆనించుకుని నిలబడ్డారంతే. నేను మూడో వరుసలో కూర్చుని నా పేజీ తీశాను. మా వాడ పక్కనున్న పాత రాతిబావి ఫొటో, దాని కింద ఈ వాక్యం: “ఈ బావి నీటిని ఊరివారందరూ కులమత భేదాలు లేకుండా తోడుకునేవారు.” ఆ కింద నా పేరు, పేరు పక్కన విశ్రాంత ఉపాధ్యాయురాలు అని.

ఆ వాక్యం నేను రాయలేదు. చచ్చినా రాయను. ఆ బావి గట్టు ఎక్కనివ్వని కులంలో పుట్టినదాన్ని నేను.

ఈ పుస్తకం మొదలైంది మా నలుగురు టీచర్ల చేతుల్లోనే. అప్పుడు కమిటీ లేదు, దాతలు లేరు. ఎండాకాలం సెలవుల్లో ఒకరింట్లో కూర్చుని ఎవరెవరు ఏం రాయాలో పంచుకున్నాం. కోట ఒకరు, గుళ్లు ఒకరు, పోరాటాలు ఒకరు తీసుకున్నారు. నలుగురిలో ఆడదాన్ని నేనొక్కదాన్నే. “మేడం, మీరు బావులు రాయుండ్రి. నీళ్ల ముచ్చట ఆడోళ్లకే ఎక్కువ ఎరుక,” అన్నాడు వాళ్లలో పెద్దాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వుకు ఇప్పుడు సిగ్గేస్తుంది.

పని మాత్రం మనసుపెట్టి చేశాను. చేతిసంచిలో నోటుబుక్కు వేసుకుని గల్లీ గల్లీ తిరిగాను. పూడ్చేసిన బావులు, చెత్తతో నిండిన బావులు, మీద స్లాబు పోసి దుకాణం పెట్టుకున్న బావులు, ఒక్కటీ వదల్లేదు. ముసలివాళ్లను పట్టుకుని ఎవరు తవ్వించారు, ఎవరు తోడుకున్నారు అని అడిగాను. మా వాడ పక్క బావి దగ్గరికొచ్చేసరికి ఎవర్నీ అడగకుండా ఒక వాక్యం రాశాను: “కొన్ని కులాలవారికి దూరం నుంచి నీళ్లు పోసేవారు.” కోరుట్లలో ఒక చిన్న ప్రెస్సులో పుస్తకం అచ్చయింది. సగం కాపీల్లో పేజీలు వంకరగా వచ్చాయి, ఫొటోల్లో బావికీ గుంతకూ తేడా తెలిసేది కాదు. అయినా ఆ వాక్యం ఉంది.

రెండో ముద్రణకు కమిటీ ఏర్పడింది. దాతలు వచ్చారు, వాళ్ల వెంట వాళ్ల తాతలూ వచ్చి పుస్తకంలో కూర్చున్నారు. బైండింగు సిరిసిల్లలో చేయించారు. గట్టి అట్ట, దాని మీద బంగారు రంగు అక్షరాలు. ఆ రాతిబావి తవ్వించిన కుటుంబానికి వంశవృక్షంతో సహా రెండు పేజీలు దక్కాయి. నా వాక్యం ఎగిరిపోయింది. అడిగితే “జాగ చాలలేదు మేడం,” అన్నారు. ఆరు మాటల వాక్యానికి జాగ చాలలేదట! నేను కమిటీ గదిలో గట్టిగా ఒక్క మాటన్నా అనలేదు. ఇంటికొచ్చి గిన్నెల మీద చూపించాను నా ప్రతాపమంతా.

అప్పుడు నోరు మూసుకున్నందుకు మూడోసారి ఏకంగా అబద్ధమే నా నోట్లో పెట్టారు. ఆవిష్కరణ రోజు ఫంక్షన్ హాల్ మెట్ల మీదే కమిటీ అధ్యక్షుడిని నిలదీశాను. బావి తవ్వించిన కుటుంబం మనిషే ఆయన.

“సార్, గీ మాట నేను రాయలే. కింద నా పేరెట్ల వెట్టిండ్రు?”

“బావుల మీద మొదటి సంది రాసింది మీరే కద మేడం. పేరు తీసేస్తే మీకు అన్యాయం చేసినట్టయితది.”

“అబద్ధం కింద వెడితే న్యాయమా?”

“అబద్ధమేంది మేడం? ఇప్పుడు అందరం కలిసే ఉన్నం కద. పిల్లలు చదివే బుక్కు. పాతయన్నీ తవ్వి ఏం చేస్తం?”

సర్వస్వం అని పేరు పెట్టుకున్న పుస్తకం పాతవి తవ్వకుండా ఎలా తయారైందో నాకు అంతుపట్టలేదు. వాళ్ల తాత బావి తవ్వించింది చరిత్రట. మా వాళ్లు ఆ గట్టు కింద కుండలు పట్టుకుని నిలబడింది మాత్రం పాత ముచ్చటట. ఆ మాటే మొహం మీద అన్నాను. ఆయనకు కోపం కూడా రాలేదు. చిరునవ్వు నవ్వి, “భోజనం చేసి పోండ్రి మేడం,” అని లోపలికి వెళ్లాడు. నేను తినకుండా వచ్చేశాను.

మా దిక్కు అమ్మను అవ్వ అంటాం. మా అవ్వకు ఎనభై దాటాయి, నా దగ్గరే ఉంటుంది. చదువు రాదు. బీడీలు చుట్టి నన్ను చదివించింది. ఆ రోజు నా చేతిలో పుస్తకం చూసి, “ఏం రాసిండ్రే మన బావి మీద?” అని అడిగింది. చదివి వినిపించాను.

“అందరంటే ఎవలు?” అంది.

“అందరే, అవ్వా.”

“గా అందరిల నేనున్ననా?”

పుస్తకం మూసి బీరువాలో పడేశాను.

అచ్చయిన పుస్తకంలో తప్పు దొర్లితే మనవాళ్లు పాటించే పద్ధతి ఒకటుంది. తప్పొప్పుల పట్టిక అని ఒక చిన్న చీటీ అచ్చువేసి పుస్తకంలో అతికిస్తారు. కమిటీకి ఉత్తరం రాశాను, ఉలుకూ పలుకూ లేదు. సరే, నేనే వేస్తాననుకున్నాను. శాలువాలతో పాటు ఇళ్లకు వెళ్లిన కాపీలు ఎలాగూ షోకేసుల్లో ఉంటాయి, వాటిని ఎవరూ తెరవరు. జనం చేతికి అందేవి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల గ్రంథాలయాలకు కమిటీ ఇచ్చిన కాపీలే. ఆ మూడింటిలో అతికిస్తే చాలు.

చీటీ రాశాను: “‘ఊరివారందరూ’ అన్నచోట ‘కొన్ని కులాలవారు తప్ప ఊరివారు’ అని చదువుకోగలరు.” రాసి గొప్పగా అవ్వకు వినిపించాను. మెచ్చుకుంటుందనుకున్నాను. ఆమె నా మీద విరుచుకుపడింది.

“కొన్ని కులాలోళ్లేంది? మాకు పేర్లు లేవా? ఎప్పుడు జూసినా గట్లనే రాస్తవేందే నువ్వు? మొదటి బుక్కుల పోసేటోళ్లని రాసినవ్. పొయ్యకపోతే ఏమైందో రాసినవా? నీకు ఎరుక లేదా?”

ఎరుకే. చిన్నప్పటి నుంచీ ఎరుకే. నేను అవ్వ కడుపులో ఉన్న ఎండాకాలం అది. మిట్టమధ్యాహ్నం గట్టు కింద కుండ పట్టుకుని ఎంతసేపు నిలబడినా పోసే మనిషి రాలేదు. కళ్లు తిరుగుతున్నాయి. అవ్వ గట్టెక్కి, బొక్కెన వేసి, తనే తోడుకుని అక్కడే కడుపునిండా తాగింది. ఎవరో చూశారు. సాయంత్రం మా నాయినను నడిబజార్లో నిలబెట్టి కొట్టారు. మూడు రోజులు బావి తోడించి నీళ్లన్నీ పారబోసి, గట్టు కడిగి పసుపునీళ్లు చల్లారు.

ఇదంతా తెలిసి నేను “దూరం నుంచి నీళ్లు పోసేవారు” అని రాశాను. అదేదో దయగల పని అయినట్టు. ఎందుకంటే నాకు స్టాఫ్ రూము ఉంది. మధ్యాహ్నం నాతో కలిసి టిఫిన్ డబ్బా విప్పేవాళ్లు ఉన్నారు. వాళ్ల మొహాలు మారిపోతాయని భయపడ్డాను. భయాన్ని మర్యాద అనుకున్నాను. కమిటీ నా వాక్యాన్ని కోసేసిందని ఇన్నేళ్లు తిట్టుకున్నాను గాని, మొదటి కత్తెర వేసింది నేనే. నేను సగం దాస్తే వాళ్లు మొత్తం దాచారు. ఆ పూట అధ్యక్షుడి మీద కన్నా నా మీద నాకు ఎక్కువ అసహ్యం వేసింది.

చీటీ చింపేసి మళ్లీ కూర్చున్నాను. ఈసారి అవ్వ చెప్పింది, నేను రాశాను.

“నా పేరు వెట్టు. మీ నాయిన పేరు వెట్టు. కొట్టినోళ్లు ఏ ఇంటోళ్లో గది గూడ వెట్టు.”

“ఇంకా?”

“గా నీళ్లు ఉప్పగున్నయని రాయి,” అంది. “గీ ఉప్పునీళ్లకా ఇంత జేసిండ్రు అనిపిచ్చిందే నాకు.”

అది కూడా రాశాను. కోరుట్లలో ఒక డీటీపీ షాపులో చీటీలు తీయించి, ఇంట్లో మైదాపిండితో కాచిన లై ఒక సీసాలో వేసుకుని అక్కడి గ్రంథాలయానికే మొదట వెళ్లాను. ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత సిరిసిల్లలోనూ అతికించాను. వారం తర్వాత పనిమీద మళ్లీ సిరిసిల్ల వెళ్లి పుస్తకం తీసి చూస్తే చీటీ లేదు. గోళ్లతో గీకి పీకేశారు, దాంతోపాటు కింది పేజీ పొర కూడా లేచిపోయింది. ఇంటికొచ్చి అవ్వ మీద అరిచినట్టే అరిచి చెప్పాను.

అవ్వ తొణకలేదు. “సదివినోడే కద చింపిండు. మల్ల అతుకుపో,” అంది. “జగిత్యాలల మాత్రం నేనే అతుకుత.”

మరునాడు ఆటోలో తీసుకెళ్లాను. అవ్వ పుట్టి బుద్ధెరిగాక గ్రంథాలయం మెట్లెక్కడం అదే మొదలు. బల్ల మీద పుస్తకం తెరిచి పేజీ చూపించాను. అవ్వ చీటీ వెనక వేలితో లై పూస్తుంటే లైబ్రేరియన్ లేచి వచ్చాడు.

“అవ్వా, ఆగు. లైబ్రరీ బుక్కుల ఏం అతుకవెట్టద్దు. బుక్కు వేసిన కమిటోళ్లను అడిగి లెటర్ తెచ్చుకోవాలె.”

“కమిటోళ్లంటే ఎవలు?”

అతను అధ్యక్షుడి పేరు చెప్పాడు. అవ్వకు ఆ ఇంటిపేరు బాగా తెలుసు.

“గా ఇంటోళ్లను అడగక నీళ్లే తోడుకున్న,” అంది. “గింత కాయితానికి అడుగుతనా?”

చీటీని పేజీ మీద పెట్టి అరచేత్తో గట్టిగా ఒత్తింది. తడి వేళ్లు కొంగుకు తుడుచుకుని, పుస్తకాన్ని అతని వైపు జరిపింది.

“ఇగ సదువు కొడుకా, పెద్దగ సదువు. మొదటి బుక్కుల గీ నా బిడ్డ తక్కువ రాసింది. ఈసారి అంత రాసిందా లేదా, నేను ఇనాలె.”

లైబ్రేరియన్ ఒకసారి నా మొహం చూసి, గొంతు సవరించుకుని, మా అవ్వ పేరు దగ్గర మొదలుపెట్టాడు.